పని, పెత్తనం, ఆరోగ్యం: జహీరాబాద్ నూరేళ్ల అనుభవం

జహీరాబాద్ ప్రాంతంలో గత నూరేళ్లలో కూలిపని నాలుగు రూపాల్లో నడిచింది. మొదటిది పటేళ్ల ఇళ్లలో, పొలాల్లో జీతం. రెండోది చెరకు కొట్టే ముఠా. మూడోది రోడ్డు వెంట వెలసిన ఫ్యాక్టరీ. నాలుగోది ఊళ్లలో ఆడవాళ్లు కట్టుకున్న సంఘం. పనిచేసే మనిషికి ఒంట్లో బాగాలేనప్పుడు ఎవరికి చెప్పుకోవాలి, ఆ పూట కూలి నష్టం ఎవరు భరించాలి, ప్రమాదం కనబడితే పని ఆపించే అధికారం ఎవరిది అన్న మూడు ప్రశ్నలకు ఈ నాలుగు రూపాల్లో నాలుగు వేర్వేరు జవాబులు దొరుకుతాయి. పనిచోట ఆరోగ్యం అనగానే మందులపెట్టె, హెల్మెట్, డాక్టరు గుర్తుకొస్తారు. అవన్నీ అవసరమే. అవి ఎవరికి అందుతాయి, ఎవరి దాకా రావు అన్నది మాత్రం పెత్తనం ఎవరి చేతిలో ఉంది, మనిషి పేరు ఏ పుస్తకంలో ఉంది అన్నదాన్ని బట్టి తేలుతుంది.

ప్రాంతం

జహీరాబాద్ హైదరాబాద్‌కు పడమరగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, కర్ణాటక సరిహద్దు దగ్గర ఉంది. 1956 దాకా ఇది హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాకు చెందిన తాలూకా. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో మెదక్ జిల్లాలో కలిసింది. 2016 అక్టోబరు 11 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. తెలుగు, ఉర్దూ, కన్నడ, తండాల్లో లంబాడీ భాష ఇక్కడ కలగలిసి వినిపిస్తాయి. నేల కొంత ఎర్ర చెల్క, కొంత నల్లరేగడి. వాన మీద ఆధారపడ్డ చేలలో జొన్న, కంది, సజ్జ, చిరుధాన్యాలు పండుతాయి. బోరునీళ్లు ఉన్నచోట చెరకు, అల్లం, ఆలుగడ్డ వేస్తారు. దళిత కుటుంబాల చేతిలో ఉన్న భూమి చాలావరకు ఒకటి రెండెకరాల రాళ్లచెల్క. అది ఏడాది పొడుగునా తిండి పెట్టేది కాదు. అందుకే పరాయి పొలంలో పని తప్పేది కాదు.

జీతం

జీతగాడు అంటే నెలజీతం తీసుకునే ఉద్యోగి అని ఈ పల్లెల్లో ఎవరూ అనుకోరు. అప్పు తీసుకుని, ఆ అప్పు తీరేదాకా ఆసామి ఇంట్లో, పొలంలో పనిచేసే మనిషిని అలా పిలిచేవారు. నిజాం రాజ్యపు రికార్డుల్లో ఈ పద్ధతికి భగేలా అని పేరు. తెల్లవారకముందే కొట్టంలో పేడ ఎత్తడంతో మొదలయ్యే పని రాత్రి పశువులకు మేత వేసేదాకా సాగేది. ప్రతిఫలం ఏడాదికి ఇన్ని కుంచాల జొన్నలు, ఒక గొంగడి, ఒక జత చెప్పులు వంటి లెక్కలో ఉండేది.

ఈ ఏర్పాటులో పై మూడు ప్రశ్నలకు ఒకటే జవాబు: ఆసామి. జబ్బు నిజమో కాదో తేల్చేది ఆయనే. పనికి రాని రోజు అప్పులోకి ఎక్కేది, లేదంటే బదులు మనిషిని పంపాలి. ఆ బదులు మనిషి తరచుగా జీతగాడి భార్యో, పదేళ్ల కొడుకో అయ్యేవాళ్లు. ఒక మనిషికి వచ్చిన జ్వరం ఇంటిల్లిపాదినీ పనిలోకి లాగేది. మోకాళ్ల నొప్పి, నడుంనొప్పి, పాము కాటు, తిండిలేని నీరసం లాంటివి పనివల్ల వచ్చిన జబ్బులుగా ఏ లెక్కలోనూ ఎక్కలేదు, ఎందుకంటే లెక్క రాసే పుస్తకం కూడా ఆసామిదే.

భగేలా ఒప్పందాలను అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వమే చట్టం చేసింది. స్వతంత్ర భారతంలో 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం అలాంటి అప్పులన్నిటినీ రద్దుచేసింది. చట్టంతో అప్పుపత్రం చెల్లకుండా పోయింది కానీ తిండిగింజల కరువు అలాగే మిగిలింది. ఆ కరువులో చాలామంది రోజు కూలీలుగా మారారు. ఒక ఆసామికి కట్టుబడి ఉండవలసిన అవసరం తప్పింది. అయితే జబ్బుపడిన రోజున అడిగే దిక్కు కూడా లేకుండా పోయింది.

ముఠా

చెరకు పెరిగిన కొద్దీ రెండో రూపం బలపడింది. నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో బోధన్‌లో మొదలైంది. అదే సంస్థ తర్వాతి కాలంలో జహీరాబాద్ దగ్గర కొత్తూరు (బి)లో మరో యూనిట్ పెట్టింది. ఆ ఫ్యాక్టరీ తరువాత ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. చెరకు కొట్టుడు సీజన్ చలికాలంలో మొదలై ఎండాకాలం ముఖాన ముగుస్తుంది. ఆ నాలుగైదు నెలలు నారాయణఖేడ్ వైపు తండాల నుంచి లంబాడీ కుటుంబాలు పిల్లాపాపలతో, వంటసామానుతో చెరకు పొలాలకు కదులుతాయి. మరాఠ్వాడా నుంచి వచ్చే ముఠాలూ ఉంటాయి.

ముఠాను కూర్చేది మేస్త్రీ. అతణ్నే ముకద్దం అని కూడా అంటారు. వానాకాలంలో ఇంట్లో గింజలు నిండుకున్నప్పుడు అతను అడ్వాన్సు ఇస్తాడు. మొగుడూపెళ్లాం కలిపి ఒక జోడీ, ఒక కత్తి లెక్క. కొట్టిన టన్నులను బట్టి కూలి కడతారు. అడ్వాన్సు అందులోంచి తెగుతుంది. తెల్లవారుజామున మంచులో తడిసిన ఆకుల మధ్య నరకడం మొదలవుతుంది. చెరకు ఆకు అంచు చేతుల్ని, ముఖాన్ని కోస్తుంది. మగవాడు నరికితే ఆడది మోపు కట్టి తలమీద బండిదాకా మోస్తుంది. రాత్రి గుడిసెలో వంట, పిల్లల పని కూడా ఆమెదే.

ఫ్యాక్టరీకి, నరికే మనిషికి మధ్య ఈ ఏర్పాటులో రాతపూర్వకమైన బంధం లేదు. ఫ్యాక్టరీకి తెలిసింది రైతు, రైతుకు తెలిసింది మేస్త్రీ. జోడీలో ఒకరికి జ్వరం వస్తే రెండో మనిషి ఒంటరిగా టన్నులు తేలేరు కనుక ఇద్దరి కూలీ పోతుంది. ఈ లెక్క శరీరాన్ని ఎంతదూరం తోస్తుందో మహారాష్ట్రలోని బీడ్ జిల్లా చూపించింది. 2019లో ఆ రాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీ అక్కడి చెరకు కూలీ మహిళల్లో 13 వేలమందికి పైగా గర్భసంచి తీయించుకున్నట్టు గుర్తించింది. నెలసరి రోజుల్లో పని ఆగితే జరిమానా, పొలాల దగ్గర మరుగుదొడ్డి, నీళ్లు లేకపోవడం, అడ్వాన్సు బాకీ వంటి ఒత్తిళ్లు ఆ ఆపరేషన్ల వెనుక ఉన్నాయి. రోజు తప్పితే ఖర్చు మొత్తం కూలివాడి మీదే పడే ఏర్పాటు ఆడవాళ్ల ఒంట్లోంచి ఒక అవయవాన్నే తీయించింది. ఆసుపత్రులు పెరిగినా మేలు కలగని స్థితి ఇది. ఆ ఆపరేషన్లు జరిగింది కూడా ఆసుపత్రుల్లోనే.

ఫ్యాక్టరీ

మేస్త్రీ పెత్తనం పొలానికే పరిమితం కాదు. బ్రిటిష్ ఇండియా మిల్లుల్లో కూడా కూలీలను పెట్టేది, తీసేది అతనే. పనికి పెట్టినందుకు మామూలు తీసుకునేవాడు. 1929లో ఏర్పడి 1931లో నివేదిక ఇచ్చిన రాయల్ కమిషన్ ఆన్ లేబర్ ఈ లంచగొండితనాన్ని వివరంగా చూసి, కూలీలను పెట్టే, తీసే అధికారం మేస్త్రీ చేతిలోంచి తీసి లేబర్ ఆఫీసరు అనే ఉద్యోగికి ఇవ్వాలని సూచించింది. నేటి హెచ్‌ఆర్ విభాగానికి మనదేశంలో ఒక ముఖ్యమైన మూలం అదే. కార్మికుడికీ యాజమాన్యానికీ మధ్య, మామూలు తీసుకోని, జవాబుదారీ ఉన్న ఒక మనిషి ఉండాలన్నది ఆ ఆలోచన.

1948 ఫ్యాక్టరీల చట్టం దానికి అంకెలు కట్టింది. 250 మందికి మించి కార్మికులున్నచోట క్యాంటీన్, 500 మంది ఉంటే సంక్షేమాధికారి తప్పనిసరి అయ్యాయి. 1976 సవరణతో 1,000 మంది ఉన్న ఫ్యాక్టరీకి భద్రతాధికారిని పెట్టాలన్నారు. 30 మంది ఆడవాళ్లు దాటితే పసిపిల్లల గది ఉండాలన్నారు. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్లు కూడా ఫ్యాక్టరీ కార్మికులేనని అదే సవరణ స్పష్టం చేసింది. 1984 భోపాల్ విషాదం తర్వాత 1987లో వచ్చిన సవరణ ప్రమాదకర పరిశ్రమల్లో కార్మికులు, యాజమాన్యం సమాన సంఖ్యలో కూర్చునే భద్రతా కమిటీలను తెచ్చింది. ప్రాణాపాయం కనబడితే హెచ్చరించే హక్కును కార్మికుడికి రాసిచ్చింది. ఈఎస్‌ఐ పరిధిలో ఉన్న కార్మికుడికి జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం అందుతుంది. జీతగాడి అప్పులోకి ఎక్కిన జ్వరం ఇక్కడ బీమా లెక్కలోకి వచ్చింది. నూరేళ్ల కథలో ఇది చాలా పెద్ద మార్పు.

జహీరాబాద్‌కు ఫ్యాక్టరీ హైదరాబాద్ రోడ్డు వెంట వచ్చింది. నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి, అల్లాదీన్ కంపెనీ కలిసి 1942లో ఏర్పరచిన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, వాచీలు తయారుచేసి పేరు తెచ్చుకుంది. 1980ల మధ్యలో జపాన్‌కు చెందిన నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ పేరిట తేలికపాటి సరుకు రవాణా వాహనాలు తయారుచేసింది. ఆ దశాబ్దం చివరికి ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వచ్చింది. ఇప్పుడు అక్కడ ట్రాక్టర్లు కూడా తయారవుతున్నాయి. అదే రోడ్డు మీద రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడలు ఉన్నాయి.

ఈ వరుసలో రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌కు ప్రత్యేక స్థానం ఉంది. దేశంలో మొదటి క్వాలిటీ సర్కిళ్లు 1980లో అక్కడే, ఎస్.ఆర్. ఉడుప చొరవతో మొదలయ్యాయి. ఒకే షాపులో పనిచేసే ఎనిమిది, పదిమంది తమంతట తాము ముందుకొచ్చి, ఒక బృందంగా కూర్చుని, తమ పనిలో ఇబ్బంది ఎక్కడుందో తామే తేల్చి, మార్పును యాజమాన్యం ముందు పెట్టే పద్ధతి ఇది. నాణ్యత కోసం పుట్టినా అది పనిచోట పెత్తనపు నిచ్చెనలో కింది మెట్టు మీదివాడికి నోరిచ్చింది. ఇది ఆరోగ్యానికీ అవసరమని బ్రిటన్ గనుల్లో అప్పటికే కనబడింది. బొగ్గు తవ్వే చిన్న బృందాలను విడదీసి, పనిని షిఫ్టుల వారీగా ముక్కలు చేసినప్పుడు గైర్హాజరు, మానసిక ఒత్తిడి పెరిగాయని ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫోర్త్ 1951లో రాశారు. 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం ఇంకో అడుగు ముందుకేసింది. లండన్ ప్రభుత్వ కార్యాలయాల్లో అట్టడుగు గ్రేడు మగవాళ్లలో గుండెజబ్బు మరణాలు పై గ్రేడువాళ్లకంటే మూడింతలు ఉన్నాయని అది చూపింది. అందరిదీ నీడపట్టు ఉద్యోగమే, అందరికీ ఉచిత వైద్యం ఉంది. అయినా మెట్టు దిగినకొద్దీ ఆయుష్షు తగ్గింది.

ఈ మెట్లు హైదరాబాద్ రోడ్డు ఫ్యాక్టరీల గేటు దగ్గర షిఫ్టు మారే వేళ కంటికి కనబడతాయి. పర్మినెంటు కార్మికులు కంపెనీ బస్సు దిగి, కార్డు చూపించి నేరుగా లోపలికి పోతారు. కాంట్రాక్టు కార్మికులు పక్క వరుసలో నిలబడతారు, వాళ్లను లెక్కపెట్టి పంపేది కాంట్రాక్టరు సూపర్‌వైజరు. లోపల ఇద్దరూ ఒకే యంత్రం పక్కన నిలబడవచ్చు. ఒకరి పేరు కంపెనీ రోల్‌లో ఉంది, రెండోవారి పేరు కాంట్రాక్టరు పుస్తకంలో ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం కింద సంవత్సరంలో 240 రోజులు పనిచేస్తే ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున వేతనంతో కూడిన సెలవు వచ్చేది. కాంట్రాక్టరు మారినప్పుడల్లా లెక్క మొదటికొచ్చే మనిషికి ఆ సెలవు చేతికందేది కాదు. 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం ప్రకారం కాంట్రాక్టరు క్యాంటీన్, విశ్రాంతి గది, ప్రథమ చికిత్స ఏర్పాటు చేయకపోతే ఆ బాధ్యత అసలు యజమాని మీద పడేది. ఆ మాట అడగాలంటే కార్మికుడు ముందు తన మేస్త్రీని దాటాల్సి వచ్చేది. 1931 నాటి కమిషన్ తలుపు బయటికి పంపాలన్న మధ్యవర్తి కాంట్రాక్టరు రూపంలో గేటు దగ్గరికి మళ్లీ వచ్చాడు. హెచ్‌ఆర్ విభాగం ఎంత చక్కగా పనిచేసినా తన రోల్‌లో లేని మనిషి దాకా దాని చేయి చాలడం లేదు.

దీని మూల్యం మామూలు రోజుల్లో నడుంనొప్పిగా, నిద్రలేమిగా కనబడుతుంది. చెడ్డరోజున ప్రాణాల రూపంలో కనబడుతుంది. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ పరిశ్రమలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది ఒడిశా, బిహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చిన వలస కార్మికులు. మృతులను గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయవలసి వచ్చింది. ఏ పూట ఏ షెడ్డులో ఎవరున్నారో రాసే హాజరుపట్టీ వేతనం లెక్కకు ఎంత అవసరమో మనిషి ప్రాణానికి, అతని ఇంటివాళ్లకు అంతే అవసరం.

సంఘం

ఆల్విన్ నిస్సాన్ ఫ్యాక్టరీ వచ్చిన దశాబ్దంలోనే జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో మరో రకం ఏర్పాటు మొదలైంది. 1983లో పీవీ సతీష్, ఆయన మిత్రులు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని స్థాపించారు. సతీష్ మైసూరులో పుట్టి, దూరదర్శన్‌లో నిర్మాతగా పనిచేసిన వ్యక్తి. 2023 మార్చి 19న కన్నుమూశారు. ఈ సంస్థ ఊరూరా నిరుపేద మహిళల సంఘాలతో పనిచేసింది. కాలక్రమంలో సుమారు 75 ఊళ్లలో 5 వేల మంది దాకా సభ్యులయ్యారు. ఎక్కువమంది దళితులు, నిన్నటి జీతగాళ్ల ఇళ్ల ఆడవాళ్లు.

సంఘం కూర్చునేది రాత్రి, పని ముగిసి బువ్వ తిన్నాక. అందరూ నేలమీదే కూర్చుంటారు. ఆ కూర్చోవడంలోని అర్థాన్ని ఈ మహిళలు తర్వాత కెమెరా చేతికొచ్చినప్పుడు తమ మాటల్లో చెప్పారు. సొసైటీ నేర్పిన వీడియో శిక్షణలో పైనుంచి కిందికి తీసే దృశ్యానికి పటేల్ షాట్ అని పేరు పెట్టుకున్నారు, ఎందుకంటే పటేల్ తమను చూసేది అలాగే. కిందినుంచి పైకి తీసేది జీతగాడి చూపు. కంటికి కన్ను సమంగా తీసేది సంఘం షాట్. పనిచోట పెత్తనం మెట్లను ఇంత క్లుప్తంగా చెప్పిన పాఠ్యపుస్తకం దొరకడం కష్టం.

సమంగా కూర్చున్నచోట తీసుకున్న నిర్ణయాలు ఆరోగ్యం వైపు నడిచాయి. పడావుపడ్డ సొంత చెల్కలను గట్లు వేసి బాగుచేసుకోవడానికి ఎండాకాలంలో పని కల్పించుకున్నారు. కూలి దొరకని నెలల్లో తమ భూమి మీదే తమకు కూలి వచ్చింది. కొన్నిచోట్ల గుంపుగా భూమి కౌలుకు తీసుకున్నారు. అక్కడ పొద్దున ఎప్పుడు దిగాలో, ఎండ ముదిరితే ఎప్పుడు చెట్టు కిందికి చేరాలో చెప్పేది ఆ గుంపే. పనికి వెళ్లే తల్లుల పిల్లలకు సంఘాలు బాల్వాడీలు నడిపాయి. ఫ్యాక్టరీల చట్టం 30 మంది ఆడవాళ్ల లెక్కతో ఇచ్చిన పసిపిల్లల గది, ఏ చట్టం అంటని పొలం కూలీ తల్లికి ఇలా దక్కింది.

1990ల మధ్యలో మొదలైన ధాన్యనిధి మరో అడుగు. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో రెండువేల ఎకరాలకు పైగా పడావు భూములు జొన్న సాగులోకి వచ్చాయి. సాయం పొందినవాళ్లు అప్పును డబ్బుగా కాకుండా ఏటా జొన్నల రూపంలో తిరిగిచ్చారు. ఆ గింజలు ఊళ్లోనే నిల్వచేసి, కరువు నెలల్లో తక్కువ ధరకు అమ్మారు. ఏ ఇల్లు ఎంత పేదదో ఊరివాళ్లే కూర్చుని తేల్చారు, ఎక్కువ ఆకలి ఉన్న ఇంటికి ఎక్కువ గింజలు వెళ్లాయి. వానాకాలంలో గింజలు నిండుకున్నప్పుడే జీతగాడు అప్పులో పడ్డాడు, చెరకు జోడీ అడ్వాన్సు తీసుకుంది. ఆ రెండు కట్లూ మొదలయ్యే చోటనే ధాన్యనిధి ఆకలిని ఆపింది.

పొలంలో ఏం చల్లాలన్న నిర్ణయం కూడా పనిచేసే చేతులకే వచ్చింది. పురుగుమందులు, కలుపుమందులు లేకుండా జొన్న, కంది, సజ్జ, కొర్ర, పెసర, అనుము, నువ్వులు కలిపి చల్లే పాత పద్ధతిని సంఘాలు నిలబెట్టాయి. మందు పిచికారీ చేసే మనిషి ఊపిరితిత్తులకు వచ్చే ముప్పు అలా తప్పింది. ఇంకో మేలు కూడా ఉంది. కలుపు తీసేటప్పుడు ఆడవాళ్లు కొంగులో వేసుకునే గునుగు, తుమ్మి, దొగ్గలి, జొన్నచెంచలి, అడవి పుల్లకూర వంటి ఆకులు ఆ ఇళ్లకు ఖర్చులేని కూర. కలుపుమందు కొట్టిన చేనులో అవి మిగలవు. కూలి రేటు పెంచినా, తగ్గించినా లెక్కలోకి రాని పోషకాహారం ఇది.

చెప్పుకునే చోటు కూడా సంఘానిదే. 2008 అక్టోబరు 15న మాచ్‌నూర్‌లో మొదలైన సంఘం రేడియోను గ్రామీణ దళిత మహిళలే నడిపారు. పంటలు, పాటలు, ఆడవాళ్ల ఆరోగ్యం, పిల్లల జబ్బులు అందులో వాళ్ల యాసలోనే మాట్లాడుకున్నారు. ఈ మొత్తం కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

సంఘానికి ఉన్న పరిమితులూ చిన్నవి కావు. పొలంలో కొడవలి తెగినా, నడుం జారినా 91 రోజుల వేతనం ఇచ్చే ఈఎస్‌ఐ వాళ్లకు లేదు. తెలంగాణ ప్రభుత్వం 2018లో తెచ్చిన రైతుబీమా కూడా పట్టా పేరున్న 18 నుంచి 59 ఏళ్ల రైతుకే వర్తిస్తుంది, కౌలుదారుకూ కూలీకీ రాదు. మాట చెల్లే ఏర్పాటు సంఘంలో ఉంటే, నష్టం భరించే నిధి ఫ్యాక్టరీలో ఉంది. ఒకచోట ఉన్నది రెండోచోట లేదు.

నేటి మలుపు

ఈ రెండు రూపాలు ఇప్పుడు ఒకే నేల మీద ఎదురుపడుతున్నాయి. న్యాలకల్, ఝరాసంగం మండలాల్లో 12 వేల ఎకరాలకు పైగా విస్తీర్ణంలో జాతీయ పెట్టుబడులు, తయారీ మండలి, అంటే నిమ్జ్, రూపుదిద్దుకుంటోంది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ ఒకటి. సంఘం రేడియో ఉన్న మాచ్‌నూర్ ఝరాసంగం మండలంలోనే ఉంది. భూమి ఇచ్చిన కుటుంబాల పిల్లలు ఆ గేట్ల దగ్గర నిలబడతారు.

వాళ్లు ఏ వరుసలో నిలబడతారన్నది వాళ్ల ఆరోగ్యాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఫ్యాక్టరీకి భద్రతాధికారిని పెట్టవలసిన సంఖ్యను 1,000 నుంచి 500కు, ప్రమాదకర పరిశ్రమల్లో 250కి తగ్గించింది. సంక్షేమాధికారికి 250 మంది, క్యాంటీన్‌కు 100 మంది చాలన్నది. ఆ అంకెల్లో కాంట్రాక్టు కార్మికుల్నీ కలిపి లెక్కపెడితే, భద్రతా కమిటీలో వాళ్లకూ కుర్చీ ఉంటే, కాంట్రాక్టరు మారినా సెలవు లెక్క తెగకుండా సాగితే చట్టం మనిషి దాకా వస్తుంది. జీతగాడి రోజుల్లో మూడు ప్రశ్నలకూ ఆసామి ఒక్కడే జవాబు. ముఠాలో జవాబు చెప్పే మనిషే లేడు. ఫ్యాక్టరీ చట్టం జవాబు రాసిపెట్టింది, సంఘం అడిగే నోరు పెంచింది. నిమ్జ్ గేటు దగ్గర హాజరుపట్టీ రాసేవాళ్లకు ఈ రెండూ ఒకచోట కూర్చే అవకాశం ఉంది. అందుకు కావలసిన అనుభవం దూరదేశాల నుంచి తెచ్చుకోనక్కరలేదు, పస్తాపూర్‌లో ఉంది, రామచంద్రాపురంలో ఉంది.